నాలుగో గది, ఏడో వరస

తెలివి పంచిపెట్టిన రోజున లోకమంతా దోసిళ్ళు పట్టుకుని వెళితే, నరసరావుపేట తూనికల వారు మిరపకాయల బస్తాలు పట్టుకుని వెళ్ళారు. మూతి దాకా నింపించుకుని ఇంటికొచ్చారు. ఆ బస్తాలకి అడుగున చిల్లులున్న సంగతి ఇప్పటిదాకా వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మరు.

ఆ ఇంటికి పెద్దవాడు కోటిలింగం. ఆయన భార్య మాణిక్యం, తమ్ముడు నాగభూషణం. వినుకొండ రోడ్డు మీద వాళ్ళకో కోల్డ్ స్టోరేజీ ఉంది. పన్నెండు గదులు, గదికి ఇరవై వరసలు, మొత్తం అరవై వేల మిరప బస్తాలు. లోపలికి అడుగుపెడితే నోట్లోంచి పొగ, ముక్కులోంచి తుమ్ము. బస్తాలు మోసే ముఠా వాళ్ళు నలుగురు కలిసి తుమ్మితే చిలకలూరిపేటలో కిటికీలు అదిరేవి.

తూనికల వారికి తమ తెలివి మీద ఎంత గురో, తమ న్యాయం మీద అంతకు పదింతలు గురి. తండ్రి పోయాక ఆస్తి పంచుకోవడానికి పెద్దమనుషుల్ని కూడా పిలవలేదు. “వాళ్ళకెందుకు శ్రమ, మన బుర్రలున్నది ఎండబెట్టుకోవడానికా” అన్నాడు కోటిలింగం. చెంబులు చెంబులుగా, చెంచాలు చెంచాలుగా పంచేసుకున్నారు. ఆఖరికి గోడ గడియారం ఒక్కటి మిగిలింది. ఇంకేముంది, గంటల ముల్లు అన్న పీక్కున్నాడు, నిమిషాల ముల్లు తమ్ముడు పీక్కున్నాడు. ఆనాటి నుంచీ టైమెంతో తెలియాలంటే ఇద్దరూ ఎవరి ముల్లు వాళ్ళు పట్టుకుని వరండాలోకి రావాలి. ముల్లు ఎవరెలా పట్టుకుంటే అలా నిలబడుతుంది గనక, ఆ ఇంట్లో ఏ పనికీ ఏనాడూ ఆలస్యం కాలేదు.

ఇంత సుఖంగా ఉన్నవాళ్ళ మీదికి ఒకరోజు ముప్పాళ్ళ నరసమ్మ వచ్చి పడింది. ఆవిడవి ఎనిమిది వేల బస్తాలు ఆ స్టోరేజీలో ఉన్నాయి. ఆవిడ బస్తా ఎటు వెళితే ముప్పాళ్ళ చుట్టుపక్కల ఊళ్ళ బస్తాలన్నీ అటే వెళతాయి.

“ఏమయ్యా కోటిలింగం, పోయినేడు నా బస్తా ఒకటి తెమ్మంటే మూడు రోజులు వెతికి ఎవరిదో తెచ్చి ఇచ్చారు. శివరాత్రి మర్నాడు వస్తా. నా సరుకు ఏ గదిలో ఉందో, ఏ వరసలో ఉందో నిమిషంలో చెప్పు. చెప్పావా, కొత్త పంట కూడా నీ దగ్గరే దింపుతా. చెప్పలేదా, ఉన్నవి కూడా లారీలకెత్తి ఎదురు స్టోరేజీకి తోలుకుపోతా.”

ఆ పూట కోటిలింగానికి కందిపచ్చడి కూడా చేదుగా అనిపించింది. నరసమ్మ బస్తాలు పోతే మిగతావీ పోతాయి. మిగతావీ పోతే నాన్న కట్టించిన పన్నెండు గదుల్లో చలి ఒక్కటే మిగులుతుంది. చలిని ఎవరు కొంటారు?

విజయవాడలో కంప్యూటర్ల ఉద్యోగం చేసే మేనల్లుడు హరగోపాల్‌కి కబురు పెట్టాడు. హరగోపాల్ వచ్చి, ఆఫీసు వెనక గదిలో ఆరు పెద్ద మిషన్లు పెట్టించాడు.

“మామయ్యా, మన లెక్క మన గోడల మధ్యే, మన మిషన్లలోనే ఉంటుంది. దీన్నే ప్రైవేటు క్లౌడు అంటారు. అయితే ఈ ఆరింటినీ ఒక తెర మీద చూపించి, పని పంచి, ఒకటి మొరాయిస్తే దాని పని పక్కదానికి అప్పగించడానికి ఒక పెత్తందారు సాఫ్టువేరు కావాలి. మార్కెట్లో రెండు మంచివున్నాయి. ఒకటి చుక్కాని, రెండోది పగ్గం. మూడు మిషన్ల మీద చుక్కాని, మూడింటి మీద పగ్గం ఎక్కిస్తాను. బస్తాల జాబితా రెంటిలోనూ పెడతాను. పది రోజులు వాడి చూసి, ఒకటి ఎంచుకో.”

“ఎట్లా ఎంచుకోవాలిరా?”

“మార్కులెయ్యి. కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకో. పోటీ అన్నాక ఒకదానికి జరిగిందే రెండోదానికీ జరగాలి. వెంట్రుకవాసి తేడా ఉండకూడదు.”

ఆ మాట వినగానే కోటిలింగం ఛాతీ నాలుగంగుళాలు పెరిగి చొక్కా బొత్తాం ఊడి పడింది. న్యాయం గురించి తూనికల వారికి ఒకరు చెప్పాలా? హరగోపాల్ ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళకుండా ఉండాల్సింది.

మర్నాడు కంపెనీల వాళ్ళు వచ్చారు. పగ్గం తరఫున ప్రత్యూష అనే అమ్మాయి పదింటికల్లా కారులో దిగింది. చుక్కాని తరఫున శ్రీకర్ అనే కుర్రాడు రావాలి. అతని కారుకి సత్తెనపల్లి దగ్గర పంచరు పడి, గంట ఆలస్యంగా, చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

అతన్ని చూసి కోటిలింగం ప్రత్యూష వైపు తిరిగాడు. “అమ్మాయ్, ఏమీ అనుకోకు. నువ్వు గేటు బయటికి వెళ్ళి ఒక గంట నిలబడి, మళ్ళీ రా తల్లీ.”

“ఎందుకు సార్?”

“ఆ బాబు గంట ఆలస్యమయ్యాడు. నువ్వు సమయానికి వచ్చావు. పోటీ మొదట్లోనే తేడా వచ్చేసింది.”

ఆ అమ్మాయి నవ్వులాటేమో అనుకుంది. కిటికీలోంచి చూస్తే నాగభూషణం ఆమె కారు పక్కన కూర్చుని, తాటికాయంత మేకు ఒకటి పట్టుకుని టైరుని పరిశీలిస్తున్నాడు. “వదినా, ఆ బాబుది ముందు టైరా, వెనక టైరా?” అని అరిచి అడిగాడు. అంతే, ఆ అమ్మాయి ఎండలోకి పరిగెత్తింది. కానీ అప్పటికే వెనక టైరు ఉస్సుమంది.

ఇక పరీక్షలు. శ్రీకర్ తెర వెలిగించి చూపించాడు. చుక్కాని తెర మీద అన్నీ పెద్ద పెద్ద అక్షరాలు, పచ్చగా మూడు దీపాలు. చూడగానే కోటిలింగం మనసు లాగేసింది. ప్రత్యూష చూపించిన పగ్గం తెర నిండా బొత్తాలు. ఎవరు ఏది ముట్టుకోవచ్చో, ఏ పని ఎంత మిషను తింటోందో అన్నీ చెబుతుంది, చెప్పకుండానే సగం పనులు చేసేస్తుంది. చుక్కాని మీద మనసు పోయిందని కోటిలింగానికి తెలిసిపోయి, లోపల్లోపల దోషంలా అనిపించింది. అందుకని చుక్కానిని చూసేటప్పుడు ఎడమ కన్ను మూసుకున్నాడు. పగ్గాన్ని చూసేటప్పుడు కుడి కన్ను మూసుకున్నాడు. దాంతో మనసు కుదుటపడింది, మెడ పట్టేసింది.

“ఇప్పుడు చూడండి సార్,” అన్నాడు శ్రీకర్. “మూడు మిషన్లలో ఒకదాని తీగ పీకేస్తాను. అది ఆగిపోతుంది. దాని పని మిగతా రెండూ అందుకుంటాయి.”

పీకాడు. ఒక దీపం ఎర్రబడింది. తెర మీద లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. పదికి పది.

“ఇప్పుడు నేను పీకుతాను” అని ప్రత్యూష లేచింది.

“ఆగమ్మా” అని నాగభూషణం అడ్డం పడ్డాడు. ఇందాక శ్రీకర్ పీకిన తీగనే మళ్ళీ చుక్కాని మిషనుకి గుచ్చి, మళ్ళీ పీకాడు. తర్వాత పగ్గం తెర వైపు చూశాడు. “ఓరి దీని ధైర్యం. కనురెప్ప కూడా ఆర్పలేదు. పన్నెండు మార్కులు వెయ్యన్నయ్యా.”

“అది నా మిషను తీగ కాదండీ” అంది ప్రత్యూష, పాపం నిజాయితీగా.

“తీగ మారిస్తే పరీక్ష మారిపోదూ?” అన్నాడు నాగభూషణం. “అదే తీగ, అదే చెయ్యి, అదే లాగుడు. అదీ సమానమంటే.”

శ్రీకర్, ప్రత్యూష ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పొద్దున దాకా పాము ముంగిసల్లా ఉన్నవాళ్ళు, ఆ క్షణం నుంచీ ఒకే చెరలో పడిన అన్నాచెల్లెళ్ళయిపోయారు.

మూడో రోజు పైనుంచి ఒక బల్లి చుక్కాని మిషనులోకి జారింది. టప్పుమని శబ్దం, గుప్పుమని పొగ. బల్లీ పోయింది, మిషనూ పోయింది. పంచాంగం తెచ్చి బల్లిపాటు చూసింది మాణిక్యం. “మగవాళ్ళకుంది, ఆడవాళ్ళకుంది, మిషన్లకి రాయలేదండీ.”

“అది తర్వాత చూద్దువు. పగ్గానికి బల్లి పడలేదు” అన్నాడు కోటిలింగం గంభీరంగా.

ఇంకేముంది, ముప్పై మంది ముఠా వాళ్ళూ బస్తాలు వదిలేసి బల్లుల మీద పడ్డారు. ఆ పూట పల్నాడులో గోడ మీద బల్లన్నది మిగల్లేదు. పట్టిన వాటిని మాణిక్యం స్కేలు పెట్టి కొలిచింది. పొడుగైతే పగ్గానికి అన్యాయం, పొట్టిదైతే చుక్కానికి అన్యాయం. ఆఖరికి సరిగ్గా అంత బల్లి దొరికింది. పగ్గం మిషనులో వేశారు. అది ఇటు దూరి అటు వచ్చి, కోటిలింగం బట్టతల మీదికెక్కి, ఆయన వైపు ఒకసారి జాలిగా చూసి, కిటికీలోంచి వెళ్ళిపోయింది. మళ్ళీ వేశారు, మళ్ళీ వెళ్ళిపోయింది. పదకొండోసారికి దానికి ఆ దారి అలవాటైపోయింది.

“ఏమండీ, బల్లి కాదు ముఖ్యం, పొగ ముఖ్యం” అంది మాణిక్యం. నిప్పుల మీద శేరు సాంబ్రాణి వేసి పగ్గం మిషను కింద పెట్టింది. పొగకి ఎదుటి మనిషి కనపడలేదు. లోపల వేడికి పగ్గం కుయ్యోమొర్రో అని మొత్తుకుని, ఆ మిషను పనంతా పక్క రెంటికీ అప్పజెప్పింది, ఆ మిషను కళ్ళు మూసింది. “అబ్బ, ఇప్పుడు సరిపోయింది. చెరి రెండు మిగిలాయి” అని కోటిలింగం రెండు మార్కులు అటు, రెండు ఇటు వేశాడు. గదంతా భజన జరిగినట్టు కమ్మగా ఉంది.

తర్వాతది నకళ్ళ పరీక్ష. జాబితాకి నకలు తీసి అసలుకి దూరంగా ఉంచాలని హరగోపాల్ కాగితం మీద రాసి వెళ్ళాడు. అరచెయ్యంత డబ్బాల్లో రెండు నకళ్ళు తీశారు. చుక్కాని నకలుని కోటిలింగం వినుకొండలో మరదలి ఇంట్లో దాచి వచ్చాడు. అంతే దూరం రెండోది కూడా వెళ్ళాలి కదా. నాగభూషణం గుంటూరు వైపు బండి తోలుతూ, సరిగ్గా అన్ని కిలోమీటర్లు అయిన చోట బ్రేకు వేశాడు. అక్కడ ఊరు లేదు, ఇల్లు లేదు, ఇటుకల బట్టీ ఒకటుంది. బట్టీ ఆయన చేతిలో డబ్బా పెట్టి, “బాబాయ్, ఇది మా ప్రాణం, జాగ్రత్త” అన్నాడు. ఆయన ప్రాణమన్నారు కదా అని చెయ్యి తగలని చోట, ఇటుకల మధ్య భద్రంగా పెట్టాడు.

రెండు రోజులాగి, “ఆ నకళ్ళు తెస్తే లెక్క తిరిగి ఎలా నిలబడుతుందో చూపిస్తాం” అన్నారు శ్రీకర్, ప్రత్యూష ఒక్క గొంతుతో. వినుకొండ డబ్బా చెక్కుచెదరకుండా వచ్చింది. బట్టీ డబ్బా ఎర్రగా కాలి, గణగణమంటూ వచ్చింది. గోడలో పెడితే వందేళ్ళు నిలుస్తుంది.

ప్రత్యూష నెత్తిన చెయ్యి పెట్టుకుంది. కోటిలింగం ఆమె భుజం తట్టాడు. “దిగులు పడకమ్మా. నీకు అన్యాయం జరగనిస్తామా?” అని చుక్కాని డబ్బాని మాణిక్యం చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని పెనం మీద వేసి, అట్లకాడతో అటూ ఇటూ తిప్పి, అంచులు ఎర్రబడేదాకా కాల్చి తెచ్చింది. “కొంచెం నూనె వేశానండీ, అంటుకుంటుందేమోనని.”

శ్రీకర్ పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు భుజాలు కదిలించాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఎవరికీ తెలియలేదు.

శివరాత్రి రానే వచ్చింది. మార్కులు కూడితే చుక్కానికీ పగ్గానికీ సరిసమానం. చివర్లో పగ్గానికి రెండెక్కువ తేలితే, అవి తీగ మార్కులని గుర్తొచ్చి, అదే తీగని ఆఫీసులో కాఫీ మిషనుకి పెట్టి పీకి, చుక్కాని చలించలేదని రెండూ వేసేశారు. కోటిలింగం హరగోపాల్‌కి ఫోను చేశాడు.

“రెండూ సమానంగా వచ్చాయిరా.”

“రెండూ మంచివే మామయ్యా. నీకు చేతికి ఏది సులువుగా ఉంటే అది ఉంచేసుకో.”

ఫోను పెట్టేసి కోటిలింగం గదిలో పచార్లు మొదలెట్టాడు. రేపే నరసమ్మ వస్తుంది. ఒకటి ఉంచుకుంటే రెండోదానికి ద్రోహం. నాన్న ఫోటో వైపు చూశాడు. ఫోటో పక్కనే ముళ్ళు లేని గడియారం ఉంది. అంతే, దారి దొరికింది.

“ఒరే భూషణం, నాన్న ఆస్తి ఎట్లా పంచుకున్నాం?”

“చెరి సగం అన్నయ్యా.”

“మరి ఇదీ పంచేద్దాం. రైతుల పేర్లు చుక్కానిలో ఉంచి గదుల లెక్క తుడిచెయ్. గదులూ వరసలూ పగ్గంలో ఉంచి పేర్లు తుడిచెయ్. ఎవరి వాటా వాళ్ళకి.”

మర్నాడు పొద్దున్నే నరసమ్మ దిగింది. ఆవిడ వెనకాల రోడ్డు మీద ఖాళీ లారీలు వరసగా నిలబడ్డాయి. ఆ వరస కొస నకరికల్లులో ఉందని చెప్పుకున్నారు.

“చెప్పవయ్యా, నా సరుకెక్కడ?”

కోటిలింగం చుక్కాని తెర చూపించాడు. “ఇదిగో నరసమ్మక్కా, నీ పేరు. ఎంత పెద్ద అక్షరాలో చూడు.”

“నా పేరు నాకు తెలుసు. గది?”

“గదులు ఆ పక్క తెరలో ఉన్నాయి. ఇదిగో, పన్నెండూ ఉన్నాయి.”

“అందులో నాదేది?”

“అది చెప్పాలంటే రెండూ కలపాలి కదక్కా. కలిపితే ఎవరింట్లో కలపాలి? చుక్కానిలో కలిపితే పగ్గం బాధపడదూ?”

నరసమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, కొంగు నడుముకి బిగించి, లారీల వైపు చెయ్యెత్తింది. లారీ డ్రైవర్లు ఇంజన్లు తిప్పారు.

అప్పుడు శ్రీకర్, ప్రత్యూష లేచారు. ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోనే లేదు. ఆ కుర్రాడు చుక్కాని ముందు, ఆ అమ్మాయి పగ్గం ముందు కూర్చున్నారు. అదృష్టం కొద్దీ రెండు జాబితాలూ ఒకే క్రమంలో ఉన్నాయి. రెంటికీ వంతెన వేశారు, మీట నొక్కారు. నరసమ్మ ఎత్తిన చెయ్యి దింపకముందే ప్రత్యూష చెప్పేసింది.

“నాలుగో గది, ఏడో వరస నుంచి మొదలండీ.”

ముఠా వాళ్ళు పరిగెత్తి చూశారు. నరసమ్మ ముద్ర ఉన్న బస్తా అక్కడే ఉంది. నరసమ్మ మొహం పచ్చి మిరపకాయలా ఉన్నది కాస్తా విచ్చుకుంది. “పరవాలేదే. రేపు ఇదే వేళకి కొత్త పంట తెస్తా. రేపూ ఇట్లాగే చెప్పాలి” అని లారీలు తిప్పుకుని వెళ్ళిపోయింది.

శ్రీకర్, ప్రత్యూష సామాన్లు సర్దుకున్నారు. “సార్, ఏది కావాలో మీరే ఉత్తరం రాయండి. మేము మాత్రం రాము” అని ఇద్దరూ ఒకే కారులో, అదీ పంచరు లేనిదాంట్లో, వెనక్కి చూడకుండా పోయారు.

కోటిలింగం ఆ మధ్యాహ్నం నాలుగు పళ్ళేల అన్నం తిన్నాడు. తిని, తాంబూలం వేసుకుని, ఉన్నట్టుండి నమలడం ఆపేశాడు.

“ఒరే భూషణం, నరసమ్మక్కకి నాలుగో గది, ఏడో వరస ఇచ్చాం. మిగతా రైతులో?”

“ఒకరిది మూడో గది, ఒకరిది తొమ్మిదో గది.”

“ఒకరికి ఏడో వరస, ఇంకొకరికి పదిహేడో వరసా? రేపు వాళ్ళు అడిగితే మనం ఏ మొహం పెట్టుకుని చెబుతాం? మన నాన్న ఇంట్లో ఇంత తేడానా?”

మాణిక్యం బుగ్గ నొక్కుకుంది. “అరవై వేల బస్తాలూ నాలుగో గదిలో పట్టవు కదండీ.”

“బస్తాలు కదపడమెందుకే పిచ్చిదానా. రంగు డబ్బా తే.”

సాయంత్రానికి పన్నెండు తలుపుల మీదా ‘నాలుగు’ అని పడింది. ప్రతి గదిలో ఇరవై వరసల మీదా ‘ఏడు’ అని పడింది. గోడ మీద ఒకటి, తెర మీద ఒకటి ఉంటే అబద్ధమవుతుందని, మాణిక్యం రెండు తెరల ముందూ కూర్చుని ఒక్కో మీట నొక్కింది. అరవై వేల బస్తాలూ రెప్పపాటులో నాలుగో గది ఏడో వరసకి మారిపోయాయి. చుక్కానీ అంతే చురుకు, పగ్గమూ అంతే చురుకు. ఆఖరి పరీక్షలో కూడా సమానమే. ఆ తర్వాత రెంటినీ సమానంగా ఆపేశారు. మిషన్లతో ఇంకేం పని, జవాబు ఇంట్లో అందరికీ నోటికొచ్చాక?

మర్నాడు నరసమ్మ వచ్చింది. కొత్త పంట లారీలు గేటు బయట ఆపి, “సరుకు దింపించే ముందు పాతవాటిలోంచి విత్తనం బస్తా ఒకటి తీసుకోవాలి. ఎక్కడుందయ్యా?” అంది.

ఆవిడ నోరు మూయకముందే కోటిలింగం, నాగభూషణం, మాణిక్యం ముగ్గురూ ఒక్కసారే చెప్పారు. “నాలుగో గది, ఏడో వరస.”

“శభాష్” అంది నరసమ్మ. తనే తెచ్చుకుంటానని కంబళి కప్పుకుని లోపలికి వెళ్ళింది.

అన్నదమ్ములు ఎవరి ముల్లు వాళ్ళు తెచ్చుకుని వరండాలో నిలబడ్డారు. నిమిషం లోపే చెప్పామా లేదా అని చూసుకుంటే, రెండు ముళ్ళూ నిన్న ఎక్కడున్నాయో ఇవాళా అక్కడే ఉన్నాయి. అసలు కాలమే పట్టలేదు. కోటిలింగం తృప్తిగా మీసం దువ్వుకున్నాడు. లారీలు ఒకటి తర్వాత ఒకటి హారన్లు కొడుతున్నాయి. పొద్దు నడినెత్తికొచ్చింది. లోపలెక్కడో తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు, ఇంకో తలుపు తెరిచిన చప్పుడు. తర్వాత మేడ కూలినంత పెద్ద తుమ్ము ఒకటి వినిపించింది.

“ఎక్కడి నుంచిరా భూషణం, ఆ తుమ్ము?”

“నాలుగో గదిలోంచి అన్నయ్యా.”

“ఏ వరస?”

“ఏడు.”

“చూశావా,” అన్నాడు కోటిలింగం, “మనిషిని కూడా ఎంత సులువుగా పట్టేశామో.”